మట్టి మిద్దె నుంచి ఫైవ్‌స్టార్ దాకా

కడప జిల్లా కొండాపురం పల్లెల్లో పాత మట్టి మిద్దె ఎక్కినవాళ్లకు తెలుసు, పైన చౌడు ఎంత మందంగా పరిచేవారో. పగటి ఎండ ఆ మట్టిని దాటి కిందికి దిగేసరికి పొద్దు గూకేది. గండికోట జలాశయం నిండినప్పుడు తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లతో పాటు ఆ మిద్దెలూ నీళ్లలో కలిశాయి. కొత్త ఇళ్లకు సిమెంటు స్లాబు. రాత్రి పదైనా వేడి కక్కే ఆ స్లాబు కింద పసిపిల్లలు నిద్రపోవాలంటే ఏసీ కావాలి. దాన్ని విలాసమని నేననను.

ఏసీ మీది స్టార్లకు మూలం 2001 నాటి ఇంధన పొదుపు చట్టం. దాని కింద 2002 మార్చి 1న బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీ ఏర్పడింది. 2006లో స్టార్ లేబుల్ వచ్చినా, అతికించడం కంపెనీల ఇష్టానికే వదిలారు. 2010 జనవరి నుంచి తప్పనిసరి చేశారు. ఒక యూనిట్ కరెంటుతో 3.1 యూనిట్ల వేడిని బయటికి తోడేస్తే ఆనాడు ఫైవ్‌స్టార్. 2012లో ఆ గీత 3.3కు, 2014లో 3.5కు జరిగింది.

2018లో కొలతే మారింది. ఒక్క ఉష్ణోగ్రత దగ్గర పరీక్షించి వదిలేయకుండా, 24 నుంచి 43 డిగ్రీల దాకా 1600 గంటల వాడకాన్ని లెక్కలోకి తెచ్చారు. ఈ కొత్త లెక్కలో అప్పుడు 3.1 వస్తే ఒక్క స్టారే, 4.5 వస్తే ఐదు. మొదటిది 100 యూనిట్లు తాగే పనిని రెండోది 69తో చేస్తుంది. కరెంటు కోసం ముద్దనూరు థర్మల్ కేంద్రం 1994 నుంచి బొగ్గు కాలుస్తోంది. మిగిలిన ఆ 31 యూనిట్ల విలువ అక్కడి బూడిద చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. 2022 జూలైలో ఫైవ్‌స్టార్ గీత 5కు పెరిగింది. అందుకే కొనేటప్పుడు స్టార్లతో పాటు లేబుల్ ఏ కాలానిదో కూడా చూడాలి.

నాకు గుచ్చుకునేది 43 అన్న అంకె. కడప జిల్లా మే నెలలో అంతకు మించిన రోజులు మనకు కొత్త కావు. మన ఎండ అక్కడికి చేరేసరికి ఆ లెక్క ఆగిపోతుంది.

ఏసీకి స్టార్లున్నట్టే ఇంటి గోడలకూ కప్పుకూ 2018 డిసెంబరులో ఇకో నివాస్ సంహిత అనే నియమావళి వచ్చింది. కప్పు ఎంత వేడిని లోపలికి వదలొచ్చో అది చెబుతుంది. కానీ 2018లో దాన్ని 500 చదరపు మీటర్లు, ఆపై స్థలాల్లోని కట్టడాలకే పెట్టారు. అంటే పన్నెండు సెంట్ల పైమాటే. చిన్న స్థలంలో కట్టుకున్న స్లాబు ఇంటిని అడిగే నిబంధన అందులో లేదు. అలాంటి ఇంటిమీద ఎండలు ముదరకముందే రెండు పూతల తెల్లసున్నం కొడితే, కింద అదే ఏసీ తక్కువసేపు నడుస్తుంది.