ఒక పట్టీకి రెండు ప్రాణాలు

పాశమైలారం పారిశ్రామికవాడకు ఈశాన్య దిశలో, నేరుగా కొలిచితే సుమారు 25 కిలోమీటర్ల దూరాన, దుండిగల్ వైమానిక దళ అకాడమీ ఉన్నది. 1967 అక్టోబరులో నాటి రాష్ట్రపతి డాక్టర్ జాకీర్ హుస్సేన్ దానికి శంకుస్థాపన చేసినారు. 1971లో అక్కడ శిక్షణ ఆరంభమైనది. పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతాలవారికి శిక్షణ విమానాల చప్పుడు కొత్త కాదు. అకాడమీలో జరిగే స్నాతక కవాతు సందర్భాలలో వైమానిక దళానికి చెందిన ‘ఆకాశగంగ’ జట్టువారు విమానం నుండి దుమికి, రంగురంగుల పారాచూట్లతో గురి తప్పకుండ మైదానంలో దిగడం కద్దు. ఆ జట్టు 1987లో ఏర్పడినది.

ఇట్లు దిగేవారందరు ఎన్నో మారులు దుమికి ఆరితేరినవారు. ఎవరి ప్రాణానికి వారే బాధ్యులు. కాని ఈ విద్యలో మరియొక శాఖ ఉన్నది. ఎన్నడును విమానం నుండి దుమికి ఎరుగని మనిషిని శిక్షకుడు తన రొమ్ముకు ఎదురుగా పట్టీలతో బిగించుకొని, ఇద్దరు ఒక్క పారాచూట్‌తో దిగుతారు. దీనిని ‘టాండెమ్’ అంటారు. మనము జంట అవరోహణ అనుకొనవచ్చును. విదేశాలకు వెళ్లిన మన పిల్లలు పంపే ఛాయాచిత్రాలలో ఈ దృశ్యం చూచి గుండె గుభేలుమన్న తల్లులు మన శ్రోతలలో లేకపోరు. ఆ పట్టీ వెనుక ఉన్న భరోసా ఏమిటి? శిక్షకునికి ఆ అధికారం ఎట్లు లభించినది? ఈ ప్రశ్నలకు సమాధానం చరిత్రలో ఉన్నది. ఆ చరిత్ర సాహసంతో మొదలై, క్రమంగా కట్టుబాట్ల చరిత్రగా మారినది.

1797 అక్టోబరు 22వ తేదీన పారిస్ నగరంలో ఆంద్రే జాక్ గార్నెరిన్ అనే ఆయన బెలూను మీద పైకి వెళ్లి, త్రాడు కోసివేసి, గుడ్డ గొడుగుతో నేలకు దిగినాడు. ఆ గొడుగు గడియారపు లోలకం వలె అటూ ఇటూ భయంకరంగా ఊగినది. లోపల చిక్కుకున్న గాలి ఒకసారి ఈ అంచు నుండి, మరొకసారి ఆ అంచు నుండి తప్పించుకొనడమే అందుకు కారణం. నడినెత్తిన చిన్న రంధ్రం ఉంచితే గాలి సమంగా పోయి ఊగు తగ్గునని తరువాతివారు తెలుసుకొన్నారు.

మన దేశానికి ఈ విద్య ప్రదర్శనగా వచ్చినది. 1889లో పెర్సివల్ స్పెన్సర్ అనే ఆంగ్లేయుడు కలకత్తాలో బెలూను నుండి పారాచూట్‌తో దుమికి జనాన్ని ఆశ్చర్యపరచినాడు. రామచంద్ర ఛటర్జీ అనే వ్యాయామ నిపుణుడు ఆయన వద్ద నేర్చుకొని, మరుసటి సంవత్సరం 1890లో తానును దుమికినాడు. పారాచూట్‌తో దిగిన తొలి భారతీయుడుగా ఆయనను స్మరిస్తారు. ఆ కాలంలో గురువు మాట, శిష్యుని ధైర్యము, ఈ రెండే రక్షణలు. తనిఖీ లేదు, రెండవ గొడుగు లేదు.

హైదరాబాదు పేరు ఈ కథలోనికి వచ్చేది ఒక విషాద సందర్భంలో. మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన ధనంతో బ్రిటిషు వైమానిక దళపు 110వ స్క్వాడ్రన్‌కు విమానాలు సమకూరినవి. అందుచేతనే దానికి ‘హైదరాబాద్ స్క్వాడ్రన్’ అని పేరు. 1918 సెప్టెంబరు నుండి ఆ విమానాలు జర్మనీ పట్టణాలపై పగటి దాడులు సాగించి, చాల నష్టం పొందినవి. వాటిలో కూర్చున్న యువకులకు పారాచూట్లు లేవు. అదే సైన్యంలో త్రాటికి కట్టిన బెలూనులలో కూర్చుండి శత్రువును పరిశీలించేవారికి మాత్రం పారాచూట్లు ఉండేవి. 1918 నాటికి జర్మను వైమానికులు కొందరు వాటిని ధరించి ప్రాణాలు దక్కించుకొన్నారు. బరువు ఎక్కువనియు, ఇరుకు గదిలో ఇమడదనియు బ్రిటిషు అధికారులు కారణాలు చెప్పినారు. పారాచూట్ ఉన్నచో వైమానికుడు తొందరపడి విమానాన్ని విడిచిపెట్టునని శంకించినవారు కూడ ఉండిరని చరిత్రకారులు వ్రాస్తారు. ఒక సాధనం ఉండుట వేరు, దానిని మనిషికి అందజేయుట వేరు అని ఈ ఘట్టం చెబుతున్నది.

యుద్ధం ముగిసిన మరుసటి సంవత్సరమే పరిస్థితి మారినది. 1919 ఏప్రిల్ 28వ తేదీన అమెరికాలోని మెకుక్ ఫీల్డులో లెస్లీ ఇర్విన్ విమానం నుండి దుమికి, కొంత దూరం స్వేచ్ఛగా పడి, తన చేతితోనే త్రాడు లాగి పారాచూట్ తెరిచినాడు. ఎత్తు నుండి పడే మనిషికి స్పృహ ఉండదనియు, చేయి కదలదనియు అంతవరకు చాలమంది నమ్మేవారు. దిగేటప్పుడు ఆయన చీలమండ విరిగినది గాని, ఆ నమ్మకం కూడ దానితో విరిగిపోయినది. 1922 నుండి, పారాచూట్ వలన ప్రాణాలు దక్కినవారికి ‘గొంగళిపురుగు సంఘం’ అనే విచిత్రమైన పేరుతో ఒక కూటమి ఏర్పడినది. నాటి పారాచూట్లు పట్టుతో చేసినవి. తమ ప్రాణం నిలిపినది పట్టుపురుగు అనే కృతజ్ఞత ఆ పేరులో ఉన్నది.

భారత సైన్యంలో పారాచూట్ దళాలు 1941లో ఆరంభమైనవి. పారాచూట్‌తో దుమికిన తొలి భారతీయ సైనికులలో లెఫ్టినెంట్ ఎ. జి. రంగరాజ్ ఒకరు. ఆయన వృత్తిచేత వైద్యుడు. 1951 మార్చిలో, కొరియా యుద్ధరంగంలో మున్సాన్ వద్ద అమెరికను దళాలతో పాటు ఆయన వైద్యబృందంవారు కూడ పారాచూట్లతో దిగి క్షతగాత్రులకు చికిత్స చేసినారు. మన వైమానిక దళంలో పారాచూట్‌తో దుమికిన తొలి మహిళ, 1959లో ఆ గౌరవం పొందిన గీతా చందా, కూడ వైద్యురాలే. ఇతరుల ప్రాణం కాపాడే వృత్తివారు ఈ విద్యకు ముందుగా పూనుకొనడం గమనింపదగినది.

ఇక జంట అవరోహణకు మూలమైన శాస్త్రాన్ని కొంత చూతము. గాలిలో పడే మనిషి వేగం మొదట పెరిగి, గాలి ఒత్తిడి బరువుకు సమానం కాగానే నిలకడ చెందుతుంది. పొట్టవైపు క్రిందికి ఉంచి పడే ఒక మనిషికి అది గంటకు సుమారు 190 కిలోమీటర్లు. ఇద్దరిని కలిపి కట్టినప్పుడు బరువు రెట్టింపు అవుతుంది గాని, గాలికి ఎదురయ్యే వైశాల్యం అంతగా పెరగదు. అందుచేత వేగం గంటకు 280 కిలోమీటర్లు దాటగలదు. అంత వేగంలో పెద్ద పారాచూట్ తెరుచుకొన్నచో గుడ్డ చినుగవచ్చును, మనుషులకు దెబ్బ తగులవచ్చును. ఈ చిక్కును విడదీసినది ‘డ్రోగ్’ అనే చిన్న గొడుగు. విమానం విడిచిన కొద్ది సెకండ్లకు శిక్షకుడు దానిని గాలిలోనికి విసరుతాడు. అది వెనుక నుండి పట్టి లాగుతూ, ఇద్దరి వేగాన్ని ఒక్క మనిషి వేగానికి తగ్గిస్తుంది. తగిన ఎత్తులో దానిని విడుదల చేయగా, అదే పెద్ద పారాచూట్‌ను సంచి నుండి బయటకు లాగుతుంది.

అయితే డ్రోగ్ కూడ ప్రాణం తీయగలదు. 1959 నవంబరులో అమెరికను అధికారి జోసెఫ్ కిట్టింజర్ బెలూను నుండి దుమికినప్పుడు, స్థిరత్వం కొరకు ఉంచిన చిన్న గొడుగు ముందుగానే వెలువడి, దాని త్రాడు ఆయన మెడకు చుట్టుకొన్నది. ఆయన బొంగరం వలె గిరగిర తిరిగి స్పృహ కోల్పోయినాడు. అదనపు పారాచూట్ తనంతట తానే తెరుచుకొనుట వలన బ్రతికినాడు. లోపం సరిదిద్దుకొని, 1960 ఆగస్టు 16న ఆయన 31 కిలోమీటర్ల ఎత్తు నుండి దుమికి క్షేమంగా దిగినాడు. ఆ మొదటి ప్రమాదం నేర్పిన రెండు పాఠాలు నేటి శిక్షకునికి కంఠస్థం కావలెను. ఒకటి: శరీరం స్థిరంగా నిలిచిన తరువాతనే డ్రోగ్ విసరవలెను, పక్కకు దొర్లుతూ విసరరాదు. రెండు: మనిషి చేయి పనిచేయనప్పుడు పనిచేసే యంత్రం ఒకటి ఉండవలెను.

1964లో డొమినా జాల్బర్ట్ గాలి నింపుకొని రెక్క వలె నిలిచే చదరపు పారాచూట్‌ను రూపొందించినాడు. దానిని పక్కలకు తిప్పవచ్చును. నేల తాకే ముందు వేగం తగ్గించవచ్చును. 1970ల మధ్యకాలంలో బిల్ బూత్ మూడు ఉంగరాల విడుదల అమరికను కనిపెట్టినాడు. ఒకదానిలో ఒకటి దూరిన మూడు ఉంగరాలు పెద్ద బరువును అంచెలంచెలుగా తగ్గించి చివరకు సన్నని త్రాటి ముడిపై నిలుపుతాయి. చెడిపోయిన పారాచూట్‌ను ఒక్క పిడి లాగి వదిలించుకొనుటకు దీనివలన వీలు కలిగినది. ఈ రెండు కల్పనలు లేనిదే జంట అవరోహణ సాధ్యం కాదు. 1980ల ఆరంభంలో అమెరికాలోని ఫ్లోరిడాలో బిల్ బూత్, టెడ్ స్ట్రాంగ్ అనే ఇద్దరు నిర్మాతలు వేరువేరుగా జంట పరికరాలు తయారుచేసినారు. 1984లో అక్కడి ప్రభుత్వం ప్రయోగాత్మకంగా ప్రత్యేక అనుమతి ఇచ్చినది. ఆ అనుమతి శాశ్వత నిబంధనగా మారుటకు 2001వ సంవత్సరం వరకు పట్టినది.

ఆ నిబంధనలు చూచినచో శిక్షకుని స్థానం అర్థమవుతుంది. అతనికి మూడు సంవత్సరాల అనుభవం, చదరపు పారాచూట్‌తో కనీసం 500 స్వేచ్ఛావరోహణలు, అత్యున్నత స్థాయి లైసెన్సు ఉండవలెను. వీటిపైన ఆ పరికరానికి ప్రత్యేకించిన శిక్షణలో ఉత్తీర్ణుడు కావలెను. పరికరంలో అదనపు పారాచూట్, దానిని స్వయంగా తెరిచే యంత్రం తప్పనిసరి. 1991లో జర్మనీకి చెందిన హెల్మట్ క్లోత్ ‘సైప్రెస్’ అనే యంత్రాన్ని ప్రవేశపెట్టినాడు. గాలి ఒత్తిడిని బట్టి ఎత్తును, వేగాన్ని లెక్కించి, జంట సుమారు 1,900 అడుగుల ఎత్తులో ఇంకను అతివేగంగా పడుతున్నచో అది అదనపు పారాచూట్ సంచి ముడిని కోసివేస్తుంది.

శిక్షకుని పని నేలమీదనే మొదలవుతుంది. ప్రయాణికునికి తుంటి పట్టీ, తొడ పట్టీలు సరిగా కుదిరినవో లేదో స్వయంగా చూడవలెను. సన్నని మనిషికి, వృద్ధునికి, స్థూలకాయునికి ఒకే విధంగా బిగించరాదు. శరీరం విల్లు వలె వంచుట, చేతులు తన పట్టీలపైనే ఉంచుట, దిగేటప్పుడు కాళ్లు పైకెత్తుట అభ్యాసం చేయించవలెను. భయంతో ప్రయాణికుడు శిక్షకుని చేతులు పట్టుకొన్నచో ఇద్దరికి ప్రమాదమే. విమానంలో భుజాల వద్ద రెండు, తుంటి వద్ద రెండు కొక్కెములు తగిలించి, ద్వారం వద్దకు పోకముందే నాలుగింటిని మరల తడిమి చూడవలెను. సుమారు 13,000 అడుగుల వద్ద దుమికితే స్వేచ్ఛాపతనం ఒక్క నిమిషం కూడ ఉండదు. ఆ నిమిషంలో ఎత్తు చూచే గడియారం నుండి దృష్టి మరలరాదు. పెద్ద పారాచూట్‌ను 5,000 అడుగులకు పైననే తెరుస్తారు. ఏలయనగా చిక్కు వచ్చినచో గుర్తించుటకు, వదిలించుకొనుటకు, రెండవది తెరుచుటకు వ్యవధి కావలెను. ఏ ఎత్తు వరకు ప్రయత్నించవలెనో, ఏ ఎత్తు వద్ద ప్రయత్నం మాని అదనపుదానిని తెరువవలెనో నేలమీదనే నిశ్చయించుకొనవలెను. ఆకాశంలో ఆలోచనకు తావు లేదు. గాలి మితి మించినప్పుడు ‘ఈ దినం దుమకము’ అని చెప్పగలుగుట కూడ ఈ విద్యలో భాగమే. పైకము చెల్లించి, ఉత్సాహంతో నిరీక్షించే మనిషికి ఆ మాట చెప్పుటకు చాల దృఢత్వం కావలెను.

ఇంత జాగ్రత్త ఉన్నను ప్రమాదాలు పూర్తిగా తొలగలేదు. విద్య నేర్పేవాని బ్రతుకు, నేర్చేవాని బ్రతుకు ఒక్కటై ఉండుట పారాచూట్లకే పరిమితము కాదు. 2023 డిసెంబరు 4వ తేదీన దుండిగల్ నుండి బయలుదేరిన శిక్షణ విమానం మెదక్ జిల్లా తూప్రాన్ సమీపాన రావెల్లి వద్ద కూలినప్పుడు శిక్షకుడు, శిక్షణలో ఉన్న యువకుడు ఇద్దరును మరణించినారు. పాశమైలారంలో 2025 జూన్ 30వ తేదీన ఒక కర్మాగారంలో సంభవించిన పేలుడులో నలభైమందికి పైగా కార్మికులు ప్రాణాలు కోల్పోయినారు. ఈ రెండు దుర్ఘటనల కారణాలను ఇక్కడ చర్చించుట మన ఉద్దేశం కాదు. అవి నిపుణులు నిర్ణయించవలసినవి. అయినను, ఉదయం పనికి వెళ్లిన మనిషి సాయంత్రం ఇల్లు చేరుట తన చేతిలోనే గాక మరియొకరి శ్రద్ధలో కూడ ఉన్నదని ఈ ప్రాంతపు కుటుంబాలకు ఎవరును నేర్పనక్కరలేదు.

జంట అవరోహణ చరిత్ర ఈ శ్రద్ధకు ఒక రూపం ఇచ్చినది. ప్రయాణికునికి పరికరం సంగతి తెలియదు. అదనపు గొడుగును ఎవరు మడిచినారో, ఎన్నడు మడిచినారో అతడు అడుగడు. తెలిసినవాడు తెలియనివాని తరపున ఆ ప్రశ్నలన్నియు తానే వేసుకొనవలెను. గార్నెరిన్ ఊగిన గొడుగు నుండి కిట్టింజర్ మెడకు చుట్టుకొన్న త్రాడు వరకు ప్రతి ఆపద ఒక నిబంధనగా మారినది. శిక్షకుడు తన వెయ్యవ అవరోహణనాడు కూడ ఆ నాలుగు కొక్కెములను మొదటి దినం వలెనే తడిమి చూచినప్పుడు, ఆ ఆపదలకు గురియైనవారి అనుభవం సార్థకమవుతుంది.