గ్రహశాస్త్ర ప్రయోగశాలల్లో తొలి పరిశోధన కొలువులు: మన ఇళ్ల పిల్లల కోసం కొన్ని వివరాలు

చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగిన 2023 ఆగస్టు 23 తరువాత మా సంఘానికి వచ్చే ప్రశ్నల్లో ఒక కొత్త ప్రశ్న చేరింది. "మా అమ్మాయి భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసింది, మా అబ్బాయి భౌతికశాస్త్రం చదివాడు. వీళ్లు ఇంజనీర్లు కారు గదా, ఈ అంతరిక్షం పనుల్లో వీళ్లకు చోటు ఉంటుందా?" అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. ఉంటుంది. రాకెట్ కట్టేవారు కొందరైతే, అది తెచ్చిన సమాచారాన్నీ, ఆకాశం నుంచి రాలిన రాళ్లనూ ప్రయోగశాలలో కూర్చుని పరీక్షించేవారు మరికొందరు. ఈ రెండవ దారిలోకి ఎలా అడుగు పెట్టాలో, డబ్బు ఎంత వస్తుందో, ఎన్నేళ్లు పడుతుందో, ఏ కాగితాలు కావాలో మా చేతనైనంత వరకు ఇక్కడ ఒకచోట చేర్చాము.

ఆ ప్రయోగశాలల్లో జరిగే పని

ఉల్కాశిల ఒకటి దొరికితే దాన్ని చిన్న ముక్కగా కోసి, వెంట్రుక కంటే పలుచగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. ఎలక్ట్రాన్ పుంజంతో అందులో ఏ ఖనిజాలు ఉన్నాయో కొలుస్తారు. మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రంతో ఐసోటోపులను లెక్కించి ఆ రాయి వయసు కడతారు. సౌరకుటుంబం వయసు సుమారు 456.7 కోట్ల సంవత్సరాలని మనకు తెలిసింది ఇలాంటి కొలతల వల్లనే. ఇవి కాక, అంతరిక్షంలో ఉండేటంత చలినీ శూన్యాన్నీ ఒక ఉక్కు గదిలో సృష్టించి అక్కడ మంచు ఎలా ప్రవర్తిస్తుందో చూసేవారున్నారు. చంద్రుడి మట్టిని పోలిన మట్టిని తయారుచేసేవారున్నారు. వ్యోమనౌక మీద వెళ్లే పరికరాలను ముందుగా నేలమీద సరిచూసేవారూ ఉన్నారు. భూగర్భశాస్త్రం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, భూభౌతికశాస్త్రం, ఈ నాలుగింటిలో ఏది చదివినవారికైనా ఇందులో పని ఉంది.

మన దేశానికి ఇది కొత్త విద్య కాదు. అపోలో యాత్రలు తెచ్చిన చంద్రశిలల మీద దేవేంద్ర లాల్ బృందం ఆ రోజుల్లోనే పనిచేసింది. ఆయన తరువాత అహ్మదాబాదులోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీకి డైరెక్టరు అయ్యారు. 1947లో విక్రమ్ సారాభాయ్ స్థాపించిన ఆ సంస్థనే అందరూ పి.ఆర్.ఎల్. అంటారు. చంద్రయాన్-1కు ప్రధాన శాస్త్రవేత్తగా ఉన్న జితేంద్రనాథ్ గోస్వామి కూడా ఉల్కాశిలల పరిశోధన నుంచే వచ్చినవారు.

ఇప్పుడే ఎందుకు చెబుతున్నాము

2024 సెప్టెంబరు 18న కేంద్ర మంత్రివర్గం చంద్రయాన్-4కు ఆమోదం ఇచ్చింది. రూ.2,104.06 కోట్ల ఆ పథకం ఉద్దేశం చంద్రుడి మట్టినీ రాళ్లనూ భూమికి తీసుకురావడం. తెచ్చిన మట్టిని పరీక్షించడానికి శుభ్రమైన గదులు, యంత్రాలు, అన్నిటికంటే ముఖ్యంగా చేయి తిరిగిన యువ పరిశోధకులు కావాలి. ఆ చేయి ఒక్క సంవత్సరంలో తిరగదు. ఈనాడు డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్న పిల్లలు ఇప్పుడు ఈ దారి పడితేనే ఆ మట్టి వచ్చి పరీక్షలు సాగే కాలానికి పనికి సిద్ధంగా ఉంటారు.

మనం ఉన్న చోట్లకు దగ్గరలో

తమిళనాడు: నామక్కల్ జిల్లా సిత్తంపూండి ప్రాంతంలో అనార్థొసైట్ అనే తెల్లని రాయి దొరుకుతుంది. చంద్రుడి ఎత్తు ప్రాంతాల రాయి కూడా ఈ జాతిదే. అందుకే ల్యాండర్, రోవర్ పరీక్షల కోసం ఇస్రో ఈ రాతితో చంద్రుడి మట్టి నమూనా చేయించింది. సేలంలోని పెరియార్ విశ్వవిద్యాలయం భూగర్భశాస్త్రవేత్తలకు అందులో పాత్ర ఉంది. తరువాత ప్రజ్ఞాన్ రోవర్ మీద పి.ఆర్.ఎల్. తయారుచేసిన పరికరం సుమారు 103 మీటర్ల దారిలో 23 కొలతలు తీసింది. అక్కడి మట్టిలో కూడా ఇనుము కలిసిన అనార్థొసైట్ పాలే ఎక్కువని తేలింది. సేలం, నామక్కల్ వైపు తరతరాలుగా ఉన్న మన కుటుంబాల పిల్లలకు ఇది ఊరి పొలిమేరల్లోని రాయి. చెన్నై ఐ.ఐ.టి. రసాయనశాస్త్ర విభాగంలో అంతరిక్ష పరిస్థితుల్లో మంచు మీద పరిశోధన జరిగింది.

కర్ణాటక: బెంగళూరులో భారతీయ విజ్ఞాన సంస్థ, ఇస్రోకు చెందిన యు.ఆర్. రావు ఉపగ్రహ కేంద్రం, భారత ఖగోళ భౌతిక సంస్థ ఉన్నాయి.

ఒడిశా: భువనేశ్వర్ దగ్గర జట్నీలో ఉన్న నైసర్‌లో భూ, గ్రహ శాస్త్రాలకు ప్రత్యేక విభాగం ఉంది. తెలుగువారు ఎక్కువగా ఉన్న బ్రహ్మపురంలో ఐసర్ ఉంది.

మహారాష్ట్ర: బుల్ఢాణా జిల్లాలోని లోనార్ సరస్సు ఉల్క పడి ఏర్పడిన గుంట. వ్యాసం సుమారు 1.8 కిలోమీటర్లు. నల్లరాతి నేలలో ఏర్పడింది కాబట్టి చంద్రుడు, కుజుడి మీది గుంటలను అర్థం చేసుకోవడానికి పరిశోధకులు ఇక్కడికి వస్తారు.

యానాం: మన పిల్లలు పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో భూశాస్త్రాలు చదవవచ్చు. దగ్గరలో విశాఖపట్నం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భ, భూభౌతిక శాస్త్రాలకు పాత పేరుంది.

ఇవి కాక హైదరాబాదులో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, తిరుపతి దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనశాల, తిరువనంతపురంలో ఇస్రో అంతరిక్ష భౌతిక ప్రయోగశాల ఉన్నాయి. దేశంలో పడిన ఉల్కాశిలలను భద్రపరిచేది కలకత్తాలోని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ.

మొదటి మెట్టు: జె.ఆర్.ఎఫ్.

ఎమ్మెస్సీ తరువాత వచ్చే మొదటి పరిశోధన స్థానం పేరు జూనియర్ రీసెర్చ్ ఫెలో. దీనికి మూడు తలుపులు ఉన్నాయి.

మొదటిది సి.ఎస్.ఐ.ఆర్.-యు.జి.సి. నెట్. ఇందులో ఉన్న ఐదు విషయాల్లో ఒకటి భూ, వాతావరణ, సముద్ర, గ్రహ శాస్త్రాలు. మూడు గంటల పరీక్ష, 200 మార్కులు. భౌతిక, రసాయన శాస్త్రాల వారు వారి వారి విషయాల్లోనే రాసుకోవచ్చు. ఫెలోషిప్‌కు సాధారణ వయోపరిమితి 30 ఏళ్లు. మహిళలకు, రిజర్వేషన్ వర్గాలకు 5 ఏళ్ల సడలింపు ఉంది. ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. కన్నడ, తమిళ, ఒడియా మాధ్యమాల్లో చదివిన పిల్లలు ఇంగ్లీషు పారిభాషిక పదాలు ముందే అలవాటు చేసుకోవాలి.

రెండవది గేట్. ఆ మార్కు ఫలితాలు వచ్చిన నాటి నుంచి 3 సంవత్సరాలు చెల్లుతుంది. భౌతికశాస్త్రం వారికి జెస్ట్ అనే మరో పరీక్ష ఉంది. పి.ఆర్.ఎల్. వంటి సంస్థలు ఈ పరీక్షల అర్హత చూసి, ఇంటర్వ్యూ చేసి తీసుకుంటాయి.

మూడవది ప్రాజెక్టు కొలువు. ఇస్రో తన రెస్పాండ్ పథకం కింద విశ్వవిద్యాలయాలకు ప్రాజెక్టులు ఇస్తుంది. ఆ ప్రాజెక్టు నడిపే ఆచార్యుడు తన దగ్గరి ఖాళీకి ప్రకటన ఇస్తాడు. పెద్ద పత్రికల్లో ఇవి కనిపించవు. విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో రెండు మూడు వారాలు ఉండి పోతాయి. అందుచేత వారానికి ఒకసారి చూసుకునే అలవాటు కావాలి. ప్రాజెక్టు ముగిస్తే కొలువు ముగుస్తుంది, ఇది చేరేముందే తెలుసుకోవాలి.

డిగ్రీలో ఉండగానే రుచి చూడాలంటే బెంగళూరులోని భారత విజ్ఞాన అకాడమీ, మరో రెండు అకాడమీలు కలిసి నడిపే వేసవి పరిశోధన ఫెలోషిప్ ఉంది. ఇస్రో ఆన్‌లైన్‌లో నడిపే స్టార్ట్ అనే శిక్షణ కూడా ఉంది.

డబ్బు సంగతి

కేంద్రం 2023 జనవరి 1 నుంచి అమలయ్యేలా పెంచిన ప్రకారం జె.ఆర్.ఎఫ్.కు నెలకు రూ.37,000, సీనియర్ ఫెలోకు రూ.42,000. మొదటి రెండేళ్లు జూనియర్, తరువాత పని సమీక్ష చేసి సీనియర్ చేస్తారు. పీహెచ్.డి. అయినవారికి రీసెర్చ్ అసోసియేట్ స్థానంలో మూడు అంచెలు: రూ.58,000, రూ.63,000, రూ.67,000. హాస్టలు గది ఇవ్వకపోతే ఊరిని బట్టి ఇంటి అద్దె భత్యం కలుస్తుంది. ఇది జీతం కాదు, ఫెలోషిప్. పింఛను లెక్కలోకి రాదు. అయినా పిల్లవాడు ఇంటి మీద భారం కాకుండా చదువుకోగలడు. ఈ సంగతి తెలియక, పరిశోధన అంటే ఇంకో ఐదేళ్లు ఫీజులు కట్టడమేనని ఆడపిల్లల చదువు ఎమ్మెస్సీతో ఆపిన ఇళ్లు మాకు తెలుసు.

పీహెచ్.డి. తరువాత

పీహెచ్.డి.కి ఐదారు సంవత్సరాలు పడుతుంది. తరువాత రెండు నుంచి నాలుగేళ్లు పోస్ట్‌డాక్ అనే తాత్కాలిక పరిశోధన స్థానాల్లో ఉండాలి. మన దేశంలో జాతీయ పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్ 2 సంవత్సరాలది, సాధారణ వయోపరిమితి 35. ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్ 5 సంవత్సరాలది. పి.ఆర్.ఎల్.కు సొంత పోస్ట్‌డాక్ స్థానాలు ఉన్నాయి.

విదేశాల విషయానికి వస్తే, ఈ విద్యకు పెద్ద కేంద్రాలు నమూనాలు ఉన్నచోటే ఉంటాయి. అమెరికాలో హ్యూస్టన్‌లోని జాన్సన్ అంతరిక్ష కేంద్రంలో అపోలో తెచ్చిన 382 కిలోల చంద్రశిలలు, 2023 సెప్టెంబరులో వచ్చిన బెన్ను గ్రహశకలం మట్టి 121.6 గ్రాములు ఉన్నాయి. జపాన్ వారి దగ్గర ర్యూగు గ్రహశకలం నుంచి 2020లో తెచ్చిన 5.4 గ్రాములు ఉన్నాయి. జర్మనీ హంబోల్ట్ ఫెలోషిప్‌కు పీహెచ్.డి. అయిన 4 ఏళ్లలోపు, జపాన్ జె.ఎస్.పి.ఎస్. ఫెలోషిప్‌కు 6 ఏళ్లలోపు, ఐరోపా మేరీ క్యూరీ ఫెలోషిప్‌కు 8 ఏళ్లలోపు దరఖాస్తు చేయాలి. ఇక్కడ లెక్క పుట్టిన తేదీ నుంచి కాదు, పట్టా తేదీ నుంచి. పెళ్లి కోసమో ప్రసవం కోసమో మధ్యలో ఆగిన అమ్మాయిలకు చాలా చోట్ల ఆ కాలాన్ని మినహాయిస్తారు, నియమాలు చదివి అడగాలి.

కాగితాల సంగతి, ముఖ్యంగా మనకు

గుమస్తా ఉద్యోగంలో జీవితమంతా ఫైళ్లు చూసినవారం కాబట్టి ఈ భాగం కొంచెం గట్టిగానే చెబుతాము.

ఒకటి, పేరు. మన ఇంటిపేరు ముందుంటుంది, తమిళనాడు బడిలో తండ్రి పేరు మొదటి అక్షరం వేస్తారు, మహారాష్ట్రలో తండ్రి పేరు మధ్యలో వస్తుంది. పదవ తరగతి సర్టిఫికెట్, ఆధార్, పాస్‌పోర్టు మూడింటిలో మూడు రకాలుగా ఉంటే చేరే రోజున చిక్కు. ఎమ్మెస్సీ లోపలే సరిచేయించుకోండి. పరిశోధన వ్యాసాల్లో కూడా మొదటి నుంచీ ఒకే పేరు వాడాలి. ఆర్కిడ్ అనే ఉచిత గుర్తింపు సంఖ్య తీసుకుంటే మేలు.

రెండు, కుల ధ్రువపత్రం. ఎస్.సి., ఎస్.టి., ఓ.బి.సి. జాబితాలు రాష్ట్రం వారీగా ఉంటాయి. ఆంధ్రలోని మేనమామ పిల్లలకు ఉన్న వర్గమే ఇక్కడ మనకూ ఉంటుందని అనుకోరాదు. రాష్ట్ర జాబితాలో వెనుకబడిన వర్గమైనంత మాత్రాన కేంద్ర జాబితాలో ఉంటుందనీ లేదు. ఈ ఫెలోషిప్‌లన్నీ కేంద్రానివి కాబట్టి, మీ రాష్ట్రానికి సంబంధించిన కేంద్ర జాబితాలో మీ కులం పేరు ఏ అక్షరాలతో ఉందో చూసి, కేంద్ర నమూనాలోనే పత్రం తీసుకోవాలి. ఓ.బి.సి. వారు క్రీమీలేయర్ కాదన్న పత్రం నోటిఫికేషన్‌లో చెప్పిన కాలానికి చెందినదై ఉండాలి.

మూడు, ఈ స్థానాల్లో భాషా అల్పసంఖ్యాకులకు ప్రత్యేక కోటా లేదు. తెలుగువారమన్న పత్రం ఇక్కడ పనికిరాదు, దానికోసం తిరిగి సమయం పాడుచేసుకోవద్దు.

నాలుగు, పరీక్ష రుసుము తప్ప ఎవరికీ పైసా ఇవ్వనక్కరలేదు. ప్రయోగశాలలో చోటు ఇప్పిస్తానని డబ్బు అడిగినవాడు మోసగాడే.

ఇంట్లో పెద్దలకు ఒక మాట

పక్కింటి పిల్లవాడు 22 ఏళ్లకే కంపెనీలో చేరి జీతం తెస్తుంటే, మన పిల్ల 32 ఏళ్లకు కూడా "ఇంకా తాత్కాలికమే" అనవలసి రావచ్చు. ఇది ఈ దారి స్వభావం, పిల్లల చేతకానితనం కాదు. శాశ్వత స్థానాలు తక్కువ, పోటీ ఎక్కువ, ఈ నిజం దాచడం లేదు. అయితే చేర్చుకున్న నైపుణ్యం వృథా పోదు. భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో భూగర్భ శాస్త్రవేత్తల కొలువులకు యు.పి.ఎస్.సి. పరీక్ష ఉంది. హైదరాబాదు కేంద్రంగా ఉన్న అణుఖనిజ సంచాలక సంస్థకు, కళాశాలలకు, రసాయన విశ్లేషణ చేసే పరిశ్రమలకు కూడా ఈ యంత్రాలు తెలిసినవారు కావాలి.

కాబట్టి చేరేముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. ఎన్నేళ్లు, ఏ ఊళ్లు, నెలకు ఎంత, పెళ్లి మాట ఎప్పుడు, అన్నీ. పిల్లలు ఏ ప్రయోగశాలకు దరఖాస్తు పెడుతున్నారో అక్కడ ఇప్పటికే ఉన్న ఇద్దరు ముగ్గురు విద్యార్థులతో మాట్లాడమనండి, గైడు స్వభావం వాళ్లకే తెలుస్తుంది. మన సంఘాల్లో ఎవరి పిల్లలైనా ఇప్పటికే ఈ రంగంలో ఉంటే వారి నంబరు వారి అనుమతితో సంఘం పుస్తకంలో రాసి ఉంచండి. తరువాత వచ్చే పిల్లకు ఒక్క ఫోన్‌తో దారి తెలుస్తుంది.