నెత్తురు తీసిన వైద్యులు – లెక్క వేసిన వైద్యుడు

రోగి మంచముచెంత నిలిచిన వైద్యుడు ఏ యాధారముచే చికిత్సను నిర్ణయించుచున్నాడని అడుగుట మనయిండ్లలో అమర్యాద యనిపించుకొనును. సుమారు రెండువందల యేండ్ల క్రిందట ప్యారిస్ నగరమున ఈ ప్రశ్న నడిగినవాడు వైద్యుడే.

ఆ కాలమున ఐరోపాలో జ్వరములకును వాపులకును రక్తమోక్షణమే ముఖ్యచికిత్స. నరము కోసి నెత్తురు తీయుదురు. లేదా జలగలను పట్టింతురు. సుశ్రుతము నెఱిగిన మనకు జలగలు వింత గావు. వింతయైనది వాని సంఖ్య. బ్రూసే యను వైద్యుని బోధ ప్రబలియున్న దినములలో, 1833వ సంవత్సరమున, ఫ్రాన్సు దేశము నాలుగు కోట్లకు పైగా జలగలను దిగుమతి చేసికొనెను.

పియేర్ లూయీ రష్యాలో వైద్యము చేసి, అచ్చటి గొంతువ్యాధి యెదుట తన విద్య నిష్ఫలమగుట చూచి, ప్యారిస్ చేరి, వృత్తి మాని, ఏండ్లతరబడి ఆస్పత్రి రోగుల వృత్తాంతములు వ్రాసికొనెను. వారిలో 77 మంది న్యుమోనియా రోగులను వేఱుచేసి చూచెను. మొదటి నాలుగు దినములలో నెత్తురు తీయబడినవారు 41 మంది. అందు 18 మంది చనిపోయిరి. అయిదవదినము మొదలు తొమ్మిదవదినములోపల తీయబడినవారు 36 మంది. అందు 9 మంది చనిపోయిరి. ఎంత త్వరగా తీసిన అంత మేలన్న సిద్ధాంతమునకు ఈ లెక్క యెదురుతిరిగినది. బ్రదికినవారిలో మాత్రము ముందుగా తీయించుకొన్నవారికి రోగము మూడుదినములు తక్కువగా నుండెను. లూయీ దీనిని దాచలేదు. రక్తమోక్షణమును మానుడనియు అనలేదు. దాని ప్రభావము జనులు తలచినంత గొప్పది కాదని మాత్రమే 1835లో ప్రకటించిన గ్రంథమున తేల్చెను.

1837లో వైద్యపరిషత్తున వాదము చెలరేగెను. రోగులు వేఱువేఱు మనుష్యులు, వారిని కుప్పవోసి లెక్కించిన నా యెదుటి రోగి సంగతి యెట్లు తెలియునని ప్రతిపక్షులు. ఈ యాక్షేపము తేలికయైనది కాదు. అయినను "తఱచుగా నయమగును" అను వైద్యుడును లెక్కించుచునే యున్నాడు గదా! ఆ లెక్క కాగితముమీద లేదు, జ్ఞాపకములో నున్నది. నయమైనవాడు వచ్చి దండము పెట్టును, చనిపోయినవాడు రాడు.

లూయీ లెక్కయందును లోపము కలదు. ముందుగా నెత్తురు తీయబడినవారి సగటువయస్సు కొంత యెక్కువ. ఎవరికెప్పుడు తీయవలెనో చీట్లు వేసి నిర్ణయించినది కాదు. ఇంత కొద్దిమందితో నిశ్చయము కుదరదనియు, వందలకొలది రోగులు కావలెననియు గావరే 1840లో చూపెను.

అలవాటు మాత్రము మెల్లగానే కదలినది. ఆస్లరు మహాశయుడు 1892లో ప్రకటించిన ప్రసిద్ధ వైద్యగ్రంథమునందు సైతము, బలిష్ఠుడైన రోగికి న్యుమోనియా తీవ్రముగా సోకినపుడు ఆరంభముననే నెత్తురు తీయుట మంచిదని వ్రాసెను.