ఇటుక చెప్పిన చరిత్ర

బెజవాడలో నే నుపాధ్యాయుడనై యున్న కాలమున నా శిష్యులు అమరావతీ మహాచైత్యమునకు కొయ్యనమూనా చేయబూనిరి. సుమారు 160 అడుగుల వ్యాసము గల కట్టడమును రెండడుగులలో ఇమిడ్చిరి. అనగా ఎనుబదవ వంతు. మూడంగుళముల మందము గల ఇటుక ఆ లెక్కను బియ్యపుగింజ మందమునకైన రాదు.

పిల్లలు అండమంతటను ఎఱ్ఱరంగు పూసి తెల్లగీతలు గీసిరి. కొండపల్లి బొమ్మలకు రంగులు వేయు వృద్ధుడొకడు చూచి నవ్వి, "అయ్యవారూ, బట్టీలో ఇటుకలన్నీ ఒకే రంగున కాలుతాయాండీ?" అనెను. మొదట సుద్దపూత, ఆపై అతుకులలో కనబడు మట్టివన్నె, అది ఆఱిన పిమ్మట సన్నకుంచెతో ఒక్కొక్క ఇటుక. కొన్ని ఎఱ్ఱనివి, కొన్ని మాడినవి, కొన్ని సగము కాలినవి. ఇట్లతడు నేర్పెను.

అప్పుడొక బాలుడు, "అయ్యా! చైత్యమును రాతిపలకలు కప్పియుండెను గదా, కనబడని ఇటుకకు ఇంత శ్రమ యేల?" అని యడిగెను.

ప్రశ్న యుచితమే. పలకలపై చైత్యరూపమునే చెక్కిన ప్రాచీనశిల్పులు సైతము ఇటుకను చూపలేదు. దానిని బయటపెట్టినది మన గడ్డపాఱయే. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అమరావతిని రాజధాని చేసికొన్నప్పుడు క్రొత్తయిండ్లకై దిబ్బను త్రవ్విరి. ఇటుకలు గోడలాయెను, పలకలు కొన్ని కాలి సున్నమాయెను. 1797లో మెకంజీ వచ్చి చూచెను. 1816లో మరల వచ్చి పటములు వ్రాయింప నారంభించునప్పటికి నడుమ గుంట మిగిలెను.

కావున నమూనాను సగము పలకలతోను, సగము ఇటుకలతోను నిలిపితిమి. రంగుటిటుక చైత్యమును తిరిగి తేలేదు. మీ యూరిదిబ్బలో నేటి ఇటుకకంటె పెద్దయిటుక బయలుపడినచో, పెద్దలారా, ముందు పాఱ నాపించుడు.