కాన్పు గదిలోకి మఠకన్యలు

కతోలిక మఠకన్యలు కాన్పులు చేయరాదన్న శ్రీసభ నియమం 1936 ఫిబ్రవరి దాకా అమల్లో ఉంది. పురుడు పోయడం కన్యావ్రతానికి తగదని రోము భావించేది. పరాయి మగవాడు, డాక్టరైనా సరే, చెయ్యి వేయరాదనుకునే ఇళ్లలో ఆ నియమం నేరుగా ఆడవాళ్ల ప్రాణాల మీదికి వచ్చేది. మంత్రసాని చేతులెత్తేస్తే ఇక దిక్కులేదు. రావల్పిండిలో స్త్రీల ఆసుపత్రి నెలకొల్పిన స్కాట్లండ్ డాక్టరు ఆగ్నెస్ మెక్లారెన్ ఈ సంగతే రోముకు మళ్లీ మళ్లీ విన్నవించి, మార్పు చూడకుండానే 1913లో కన్నుమూశారు.

ఆమె జీవితంపై వచ్చిన చిన్న పుస్తకం 1915లో మెల్బోర్న్ డాక్టరు మేరీ గ్లౌరీ చేతికందింది. ప్రసూతి, స్త్రీ, కంటి వైద్యాల్లో 1919లో ఎం.డి. పొందిన గ్లౌరీ, మరుసటి ఏడు గుంటూరు వచ్చి జె.ఎం.జె. మఠంలో చేరారు. మఠకన్యగా ఉంటూనే వైద్యం చేయడానికి పోప్ 15వ బెనెడిక్ట్ ఆమెకు ప్రత్యేకానుమతి ఇచ్చారు. అక్కడి చిన్న వైద్యశాల సెయింట్ జోసెఫ్స్ ఆసుపత్రిగా ఎదిగింది. చాలా ఏళ్లు అక్కడ డాక్టరు ఆమె ఒక్కరే. స్థానిక స్త్రీలకు నర్సు, మంత్రసాని, కాంపౌండరు పనులు నేర్పడం ఆమె చేసినవాటిలో అన్నిటికన్నా దూరం వెళ్లిన పని. 1943లో ఆమె స్థాపించిన కతోలిక ఆసుపత్రుల సంఘానికి నేడు సికింద్రాబాద్ కేంద్రం. సభ్యసంస్థలు 3,000కు పైనే. గ్లౌరీ 1957లో బెంగళూరులో మరణించారు.

కాన్పు ఎవరు చేయాలన్న చిక్కు తీరాక, గర్భం ఎలా నిలవాలన్న ప్రశ్న ముందుకొచ్చింది. కృత్రిమ గర్భనిరోధం తగదన్న పోప్ ఆరవ పాల్ విశ్వలేఖ 1968 జూలై 25 తేదీతో వెలువడింది. సరిగ్గా పదేళ్లకు అదే తేదీన ఇంగ్లండులో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టింది. 1987లో 'దోనుమ్ వీటే' అనే బోధనా పత్రంలో శ్రీసభ తన వాదం విప్పి చెప్పింది: బిడ్డ వరమే గాని హక్కు కాదు, దంపతుల కలయిక స్థానాన్ని ప్రయోగశాల తీసుకోరాదు, పిండం తొలి క్షణం నుంచీ మనిషే, కనుక మిగిలిన పిండాలను పారవేయడం, ప్రయోగాలకు వాడడం తగదు. సంతానం లేనివారి బాధను ఆ పత్రం తేలిగ్గా తీసుకోలేదు. వంధ్యత్వాన్ని నివారించే పరిశోధనలను ప్రోత్సహించింది కూడా.

తెలుగు నేలపై ఈ వాదం భారం ఎక్కువగా ఆడదాని మీదే పడుతుంది. లోపం భర్తలో ఉన్నా గొడ్రాలన్న మాట పడేది ఆమే. 1952లో ఏర్పడిన వరంగల్ మేత్రాసనం విశ్వాసులకూ హనుమకొండలోని ఫెర్టిలిటీ సెంటర్లు అందుబాటులోనే ఉన్నాయి. దేశచట్టం 2021లో ఐవీఎఫ్‌ను, అంటే టెస్ట్‌ట్యూబ్ విధానాన్ని, నియమాలతో అనుమతించి, డబ్బుకు గర్భాన్ని అద్దెకిచ్చే సరోగసీని నిషేధించింది. శ్రీసభ రెంటినీ అంగీకరించదు. ఆడపిండాన్ని ఏరి తీసివేయడాన్ని మాత్రం 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టమూ శ్రీసభా ఒకే గట్టితనంతో ఖండిస్తాయి.