చిత్తూరు రంగస్థలం నుంచి సంగీత చిత్రాలకు

తెలుగు సంగీత చిత్రాల తొలి చరిత్రలో చిత్తూరు నాటకరంగానికి పెద్ద వాటా ఉంది. రేపల్లెలో 1904లో పుట్టిన వి. నాగయ్యకు చిత్తూరే ఇంటిపేరులా నిలిచింది. అక్కడి రామవిలాస సభలో ఆయన ‘సారంగధర’ వంటి నాటకాలు ఆడారు. ‘గృహలక్ష్మి’ (1938)తో తెరకెక్కారు. నేపథ్యగానం ఇంకా స్థిరపడని ఆ రోజుల్లో నటుడే పాడాలి. పద్యం పాడగల రంగస్థల నటులకు అందుకే గిరాకీ. వాహినీ వారి ‘వందేమాతరం’ (1939), ‘భక్త పోతన’, ‘యోగి వేమన’ (1947) చిత్రాలకు నాయకుడు ఆయనే.

అన్నిటికీ మకుటం ‘త్యాగయ్య’ (1946). దర్శకత్వం, సంగీతం, ప్రధానపాత్ర మూడూ నాగయ్యవే. అందులో కీర్తన కథను ఆపదు, నడిపిస్తుంది. కచేరీలా కాక, ఎదుట నిలిచిన రాముడితో మాట్లాడుతున్నట్టు సాగుతుంది. తరువాతి భక్తి చిత్రాల్లో ఇంతటి నిరాడంబరత అరుదు. ఆయనకు 1965లో పద్మశ్రీ దక్కింది, 1973లో కన్నుమూశారు.