సృష్టిదినములు (ఆదికాండము)

బైబిలులోని ఆదికాండము వర్ణించు ఆరు సృష్టిదినములను వాచ్యార్థముగా గ్రహింపవలెనా, రూపకముగా గ్రహింపవలెనా యను వివాదము, పలువురు తలచునట్లు డార్విన్ నాటిది కాక, క్రైస్తవమతపు తొలి శతాబ్దులనుండియు ఉన్నదే. సూర్యుడు నాలుగవ దినమున గాని సృజింపబడనపుడు అంతకు పూర్వపు మూడు దినములకును ఉదయాస్తమయము లెట్లు కలిగెనని ప్రశ్నించి, 3వ శతాబ్దివాడైన క్రైస్తవ పండితుడు ఓరిగెన్ ఆ కథనమునకు గూఢార్థము కల్పించెను. 4వ శతాబ్దమున కైసరియ బిషప్ బాసిల్, అట్టి వ్యాఖ్యాతలను ఆక్షేపించి, తృణజలచరాదులను ఉన్నవి ఉన్నట్లుగనే స్వీకరించెను. క్రైస్తవ వేదాంతి యగు అగస్టీన్ ఆదికాండముపై తాను వ్రాసిన గ్రంథమును అక్షరార్థవ్యాఖ్య యని పేర్కొనియు, సర్వము ఏకకాలమున సృష్టమైనదనియు, ఆ దినములు కాలపరిమాణములు కాక దేవదూతల జ్ఞానక్రమమనియు ప్రతిపాదించుట విచిత్రమే. తరువాతి కాలమున వాచ్యార్థమునే గ్రహించిన ఐర్లండు ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ 1650లో ప్రకటించిన గ్రంథమున, బైబిలు వంశావళులలోని వత్సరములను ఇతర చరిత్రలతో సరిచూచి, సృష్ట్యారంభమును క్రీ. పూ. 4004 అక్టోబరు 23కు ముందటి రాత్రిగా నిర్ణయించెను. ఆ గణన ఆంగ్ల బైబిళ్ల అంచులలో ముద్రితమై చిరకాలము ప్రామాణ్యము వహించెను.